పెదాలు మాత్రమే

సెప్టెంబర్ 28

అన్నం దగ్గర అమ్మ మళ్ళీ అదే పాట. చిన్నప్పటి నుంచీ నాకు పెత్తనం ఇష్టమట, అందుకే క్వయర్ కండక్టర్‌ని, అంటే బృందగానం ముందు నిలబడి చేత్తో పాట నడిపించే మనిషిని అయ్యానట. అన్నయ్య చాప్‌స్టిక్స్ గాల్లో ఊపి, మా మహారాణి చెయ్యెత్తితే పధ్నాలుగు మంది బామ్మలు నోరు తెరుస్తారు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఐదో తరగతిలో, పాటల పోటీకి ముందు టీచర్ పక్కకి పిలిచింది. కనాయె, నువ్వు పెదాలు మాత్రం కదుపు, గొంతు వద్దు అంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పాటలో ఉంటూ పాడక్కర్లేని చోటు ఒక్కటే. వెళ్ళి అక్కడ నిలబడ్డాను. అదీ నా పెత్తనం.

అక్టోబర్ 5

కమ్యూనిటీ హాల్లో రిహార్సల్. ఆల్టో, అంటే కింది గొంతులు, మళ్ళీ శ్రుతి జారాయి. ఫుమి గారి వల్లే. డెబ్బై తొమ్మిదేళ్ళు, ఎడమ చెవి వినపడదు. ఆవిడ జారితే పక్కవాళ్ళూ జారతారు. బ్రేక్‌లో క్వయర్ ప్రెసిడెంట్ కురాతా గారు నాకు టీ పోస్తూ, పోటీ మూడు వారాల్లోకి వచ్చేసింది టీచర్ గారూ, పెదాలు మాత్రం కదపమని మీరే చెప్పండి, మేం చెబితే నొచ్చుకుంటుంది అన్నారు.

అక్టోబర్ 6, ఉదయం 5

ఆ మాటలు నాకు కంఠతా వచ్చు.

అక్టోబర్ 12

చెప్పాను. ఆ టీచర్ చెప్పినంత మెత్తగానే. ఫుమి గారు క్షమాపణగా నడుం వంచి, అయ్యో, ఇన్నాళ్ళూ మీకు ఇబ్బంది కలిగించానా అన్నారు. సంచీలోంచి రెండు పెర్సిమన్ పళ్ళు తీసి నా చేతిలో పెట్టారు. తినలేకపోయాను.

అక్టోబర్ 19

శ్రుతి నిలబడింది. కురాతా గారు చప్పట్లు కొట్టారు. కానీ ఆల్టో ఎత్తుకోవడం ఆలస్యం. మళ్ళీ చేయించాను, మళ్ళీ ఆలస్యం. చెయ్యి ఇంకా పెద్దగా విసిరాను. ఊహూ. చివరికి ఆల్టోలో ఒకావిడ తలొంచుకుని చెప్పింది: ఏమనుకోకండి టీచర్ గారూ, మేం మీ చెయ్యి చూసి ఎత్తుకోం, ఫుమి గారు ఊపిరి పీల్చిన చప్పుడు విని ఎత్తుకుంటాం.

ఇప్పుడావిడ పీల్చడం లేదు. పాడని మనిషికి అంత ఊపిరి దేనికి?

రెండేళ్ళుగా అదంతా నా చెయ్యే అనుకున్నాను.

ఫుమి గారి పెదాలు అందరికంటే శ్రద్ధగా కదులుతున్నాయి. నావీ అప్పట్లో అలాగే కదిలేవి.

అక్టోబర్ 20

ఫుమి గారింటికి వెళ్ళాను. వరండాలో పళ్ళ తొక్క తీస్తున్నారు. మళ్ళీ పాడండి అన్నాను. మళ్ళీ జారిపోతానమ్మా అన్నారు. ఐదో తరగతి సంగతి మొత్తం చెప్పేశాను. మొదటిసారి, ఒక మనిషికి. ఆవిడ కత్తి పక్కన పెట్టి, అవును, మీ గొంతు ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదే అన్నారు. మళ్ళీ కత్తి అందుకుని, నా కుడి చెవి బాగానే పనిచేస్తుంది, అటువైపు ఎవరైనా గట్టిగా పాడితే పట్టుకుంటాను అన్నారు.

అక్టోబర్ 25

కురాతా గారికి ఫోన్ చేసి, రేపు చెయ్యి ఊపనని చెప్పాను. కండక్టర్ లేకుండా స్టేజీ ఎక్కుతామా, మతి పోయిందా, పరువేం కాను అని పది నిమిషాలు. విన్నాను. నిర్ణయం మార్చుకోలేదు.

అక్టోబర్ 26, పోటీ రోజు

ముందు ఎవరూ నిలబడరు. ఫుమి గారు ఊపిరి పీలుస్తారు. ఆవిడ కుడి పక్కన నేను. పాడతాను.