అన్నదమ్ముల రాజీ

రాజీ పేరుతో నా నోట్లో మన్ను కొట్టారు, చంద్రయ్య పెద్దనాయినా. నల్లా దగ్గర కొట్టుకున్న నన్నూ రాజలింగునూ తార్నాక హోటల్లో కూర్చోబెట్టి, ఇద్దరి మాటా విని, నీళ్లకు వంతులు కుదిర్చారు. అక్కడిదాకా బాగుంది. ఒకే సాసర్లో చాయ్ తాగించి, "ఇయ్యాల్టి సంది మీరు అన్నదమ్ములు" అని ఎవరనమన్నారు? నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్నది రాజలింగు చెల్లెలు సత్తెమ్మను!

నిన్న నేను పనిచేసే యూనివర్సిటీ హాస్టల్ వంటింటికి ఆమె వచ్చి, నవ్వాపుకోలేక, "గిప్పుడు నిన్ను అన్నా అని పిల్వాల్నా?" అన్నది. నా చేతిలో గంటె జారి పప్పులో పడింది.

"బావా అనరాదా?"

"పెద్దమనిషి మాట దాటుతమా? ఆయన్నే అడుగు" అని పరుగెత్తింది.

మళ్లీ పంచాయితీ పెట్టి మమ్మల్ని బావాబావమరుదులను చెయ్యండి. చాయ్ నేను తాగిస్తాను. ఆదివారంలోగా జవాబు రాకపోతే నల్లా దగ్గర మళ్లీ కొట్లాట మొదలుపెడతాను.