నోయెల్‌కు తెల్ల సూటు లేదు

అన్నా,

ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి మొన్నటికి ఏడాది మీద రెండు నెలలైంది. ఇన్నాళ్లూ నీకు రాయాలంటే చేతులు ఆడలేదు. రెండు మాటలు రాసేలోపే కాగితం తడుస్తుందని భయం. ఇవాళ అట్లా కాదు. ఇవాళ నీతో పోట్లాడటానికే కూర్చున్నాను.

నిన్న సాయంత్రం బ్లూ టాంగాస్ బ్యాండు షో చూశాను. అవును, నేనే. నీ చెల్లెలు పద్మనే. యాకుత్‌పురా స్టేషన్ పక్క హాల్లో, అయిదో వరసలో కూర్చుని, నా రెండు కళ్లతో చూశాను.

ఎంత అబద్ధాలకోరువి అన్నా నువ్వు!

ఉండు. ముందు ఇంటి సంగతులు చెప్పి, తర్వాత నీ సంగతి చూస్తాను. బాపు ఇంకా హుస్సేనీ ఆలం గల్లీల్లో నల్లా నీళ్లు వదిలే పనిలోనే ఉన్నాడు. వాల్వులు తిప్పే ఆ పొడుగు ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని, నీ సైకిల్ మీద తిరుగుతున్నాడు. నువ్వు లేత్ మిషన్ మీద తిప్పి బిగించిన ఇత్తడి బెల్లు ఉంది కదా, దాన్ని ప్రతి ఆదివారం బూడిదతో తోముతాడు. నేను టైపు హయ్యర్ పాసయ్యాను. ఒక లారీల ఆఫీసులో టైపిస్టుగా చేరాను. అమ్మ ఇప్పుడిప్పుడే కొద్దిగా నవ్వుతోంది. నీ కామెర్ల కోసం తిరిగిన దవాఖానా వైపు మాత్రం ఇంకా పోదు. చుట్టూ తిరిగైనా వేరే దారిన పోతుంది.

ఇక నీ సంగతి.

ఆరేళ్లు అన్నా... టాంగాల షో ఉన్నప్పుడల్లా నువ్వు ఫలక్‌నుమా వర్క్‌షాపు నుంచి అటే పోయేవాడివి. అప్పట్లో ఆ హాల్లోకి మెంబర్ల కార్డు ఉంటేనే రానిచ్చేవాళ్లు. నీకెవరో దోస్తు కార్డు ఇస్తాడని, రెండో వరసలో కూర్చుంటావని చెప్పేవాడివి. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకముందే మొదలుపెట్టేవాడివి. డాల్డా డబ్బా డ్రమ్ము, గరిటె మైకు. అమ్మ రొట్టెలు చేయడం ఆపి, పెనం మాడినా లేవకుండా వినేది. బాపు పేపరు అడ్డం పెట్టుకుని విననట్టు నటించేవాడు. ఒక్క పేజీ కూడా తిప్పేవాడు కాదు.

పాటలు పాడే నోయెల్ ఆరడుగుల మనిషి అన్నావు. తెల్ల సూటు, బంగారు గుండీలు, పాట పాడుతూ పులిలా దూకుతాడు అన్నావు. డ్రమ్ములు కొట్టే శామ్యూల్ పహిల్వాన్ అన్నావు. గిటార్ ఆరిఫ్ భుజాల మీద జుట్టు ఎగురుతుంటే స్టేజీ అంచున మోకాళ్ల మీద కూలబడి వాయిస్తాడు అన్నావు. నువ్వు కూడా మన వంటింట్లో మోకాళ్ల మీద కూలబడి చూపించావు. పిండి గిన్నె తన్నేశావు, గుర్తుందా?

నన్ను కూడా పంపమని బాపును ఎన్నిసార్లు అడిగానో. ఆడపిల్లకు ఆ లొల్లి జాగాలో ఏం పని అనేవాడు. నేను మూతి ముడుచుకుంటే నువ్వు, "ఫికర్ చెయ్యకే పద్మా. నేను చూస్తె నువ్వు చూసినట్టే" అనేవాడివి.

అన్నీ నమ్మాను. ఒక్కటే నమ్మలేదు. షో మధ్యలో పక్కనుంచి రైలు కూత పెడితే, ఆరిఫ్ తన గిటారు స్వరాన్ని ఎక్కించి ఎక్కించి ఆ కూతతో కలిపేస్తాడని, రైలు పోయేదాకా వదలడని అన్నావు చూడు... అది మాత్రం కోతలే అన్నాను. నువ్వు అమ్మ తోడు అని ఒట్టు పెట్టావు. రైలు కోసం అమ్మ మీద ఒట్టేమిటని నేను రెండు రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ కార్డుల పద్ధతి పోయిందన్నా. గేటు దగ్గర టికెట్టు కొనుక్కుంటే ఎవరైనా పోవచ్చు. పది రోజుల కింద నేను ఆఫీసు నుంచి వస్తూ గోడ మీద పోస్టరు చూస్తూ నిలబడిపోయాను. వెనక బాపు సైకిలు ఆపి నన్ను చూస్తున్నాడని నాకు తెలియదు. మర్నాడు నా టిఫిన్ డబ్బా కింద రెండు టికెట్లు. "ఒక్కదాన్నే పంపుతననుకోకు, నేను గూడ వస్త" అన్నాడు, ఎటో చూస్తూ.

నిన్న నాలుగున్నరకు తెర లేచింది. బాపు చెవుల్లో దూది పెట్టుకుని, పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడిలా బిగుసుకుని కూర్చున్నాడు. నేను నోయెల్ కోసం చూస్తున్నాను. కళ్లద్దాలు పెట్టుకున్న పొట్టి మనిషి ఒకాయన వచ్చి మైకు సరిచేశాడు. బూడిదరంగు ప్యాంటు, జేబులో పెన్ను. మైకు సరిచేసి ఇక పోతాడనుకున్నాను. పోలేదు. పాట మొదలుపెట్టాడు...

ఆయనే నోయెల్!

ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, కదలకుండా మెదలకుండా, బ్యాంకులో చెక్కు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడి పాడతాడు అన్నా. శామ్యూల్ అయితే డ్రమ్ముల వెనక కనిపించనే కనిపించడు. జుట్టు పైకీ కిందికీ ఊగుతుంటే, ఓహో, అక్కడ మనిషి ఉన్నాడన్నమాట అనుకోవాలి. నీ పహిల్వాన్ అతనే! ఇక ఆరిఫ్ కుర్చీలో కూర్చుని, మన మీద అలిగినట్టు సగం వీపు మనవైపు తిప్పి వాయిస్తాడు. మోకాళ్లూ లేవు, జుట్టూ లేదు. నున్నటి క్రాఫు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత అనుమానం వచ్చింది. రెండో వరసలో కూర్చున్నవాడికి కళ్లద్దాలు కనబడవా? అన్న ఒక్కసారైనా ఈ హాల్లో అడుగు పెట్టాడా? పెట్టకపోతే ఆ సాయంత్రాలన్నీ ఎక్కడికి పోయేవాడు? మాకు చెప్పలేని ఏ జాగాకు పోయేవాడు? నేను అంతగా నమ్మిన మనిషి నాకు తెలియనే తెలియదా? పాట మంచిగానే ఉంది కానీ నా చెవికి ఎక్కలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంటూ కూర్చున్నాను.

మూడో పాటలో రైలు కూసింది.

ఆరిఫ్ తల ఎత్తాడు. గిటారు ఒక్కో మెట్టూ ఎక్కి ఎక్కి... అన్నా, ఆ కూతను పట్టేసుకుంది! ఏది రైలో ఏది గిటారో తెలియలేదు. శామ్యూల్ చక్రాల చప్పుడు అందుకున్నాడు. హాలంతా లేచి నిలబడి ఈలలు. నా ఒళ్లు ఝల్లుమంది. పక్కకు చూస్తే బాపు దూది తీసి గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నిజమేనే! పోరడు చెప్పింది నిజమేనే!" అని అరిచాడు. పేపరు వెనక నుంచి అంతా విన్నాడన్నమాట, దొంగ బాపు.

తర్వాత నేను కళ్లు మూసుకున్నాను. మూసుకుంటే అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. మొదలుపెట్టే ముందు నాలుగుసార్లు డ్రమ్ము పుల్లల టకటక. మెల్లని పాటకు ముందు నోయెల్ రెండుసార్లు దగ్గడం. ఆఖరి పాటలో ఒక్క క్షణం అందరూ ఆగి, మళ్లీ ఒక్కసారిగా విరుచుకుపడటం. కళ్లు తెరిస్తే అన్నీ తప్పు, మూస్తే అన్నీ ఒప్పు. పిచ్చిదానిలా తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను. వినబడేవన్నీ నిజమై, కనబడేవన్నీ అబద్ధమైతే దానర్థం ఏమిటో నాకు అప్పుడు తట్టలేదు.

షో అయ్యాక బాపు చాయ్ కావాలన్నాడు. పక్క ఇరానీ హోటల్లో టాంగాల అభిమానులు నాలుగు మేజాలు కలిపేసుకున్నారు. అక్కడొక రివాజు ఉంది, నీకు తెలుసా? ప్రతి ఒక్కరూ ఆ రోజు షో గురించి ఒక్క ముక్కయినా చెప్పాలి. చెప్పకపోతే చాయ్ దక్కదు. ఒకడు రెండో పాటలో గిటారు గురించి చెబుతుంటే ఇంకొకడు కాదు నాలుగో పాటే గొప్పదని కొట్లాట. బాపును కూడా వదల్లేదు. "గా డ్రమ్ములు కొట్టెటోడు మా డిపార్ట్‌మెంట్ల ఉంటె జంగు పట్టిన వాల్వులన్ని ఒక్కరోజుల తిప్పుతుండె" అన్నాడు. అందరూ నవ్వి నవ్వి బల్లలు చరిచారు. బాపుకు రెండో చాయ్ కూడా వచ్చింది.

నా వంతు వచ్చింది. నోయెల్ తెల్ల సూటు మానేశాడా అని అడిగాను. ఎవరికీ అర్థం కాలేదు. తెల్ల సూటేంది, ఆయనకు ఉన్నవే రెండు ప్యాంట్లు అన్నారు. నాకు చెవులు వేడెక్కాయి. రోషం కొద్దీ నువ్వు చెప్పినవి ఇంకా చెప్పాను. శామ్యూల్ డ్రమ్ము పెడల్ కీచుమంటుందని, వాడు దానికి నూనె పెట్టడని. పాట వేగం పెరిగితే వాడు నోట్లోనే "తొందరేందిరా, రైలు పోతుందా?" అని ఆరిఫ్‌ను తిడతాడని.

నా ఎదురుగా కూర్చున్న గ్లోరీ అనే నర్సమ్మ, శామ్యూల్ చెల్లెలట, గ్లాసు కింద పెట్టేసింది. "పెడల్ కీచుమనుడు మా ఇంట్లోళ్లకే ఎరుక. హాల్ల ఎవ్వరికి వినరాదు. నీకెవరు చెప్పిన్రు?" అంది.

మా అన్న చెప్పాడు అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత గర్వంగా ఉందో, అంత అయోమయంగానూ ఉంది.

సైకిలు తీసుకోవడానికి హాలు వెనక స్టాండుకు పోయాం. స్టాండు చూసుకునే ఖాదర్ భాయ్, గడ్డం నెరిసిన పెద్దమనిషి, బాపు చీటీ ఇవ్వకముందే ఆ ఇత్తడి బెల్లు మీద చెయ్యి వేశాడు. "అరె, ఏ తో మల్లేశ్ కీ సైకిల్ హై! మల్లేశ్ ఏడి? ఏడాది సంది వస్తలేడు, నా మీద గుస్సానా?" అన్నాడు.

నువ్వు ఇక లేవన్న సంగతి నేనే చెప్పాను. ఆయన కాసేపు ఆ బెల్లు మీద చెయ్యి తియ్యలేదు.

అప్పుడు తెలిసింది అన్నా. నీకు ఏ దోస్తూ కార్డు ఇవ్వలేదు. షో ఉన్న ప్రతి సాయంత్రం నువ్వు ఖాదర్ భాయ్ పక్కన సైకిళ్లకు చీటీలు కట్టేవాడివి. స్టాండు గోడే స్టేజీ వెనక గోడ. పైన చిన్న వెంటిలేటరు. దాని కింద ఒక రాయి ఎక్కి, గోడకు చెవి ఆనించి నిలబడేవాడివి. ఆరేళ్లు! "మిషన్ చెడితె కండ్లకంటె ముందు చెవులకే ఎరుకైతది" అని లేత్ గురించి చెప్పేవాడివి కదా... ఆ చెవులతోనే ఆ ముగ్గురినీ విన్నావు. నోయెల్ గొంతు అంత పెద్దది కాబట్టి ఆరడుగులు చేశావు. శామ్యూల్ దెబ్బ అంత గట్టిది కాబట్టి పహిల్వాన్‌ను చేశావు. తప్పేముంది? నేను వింటే నేనూ అట్లాగే అనుకునేదాన్ని.

ఖాదర్ భాయ్ ఇంకొకటి చెప్పాడు. నువ్వు పోవడానికి ముందటి షోకు గేటు మనిషితో మాట్లాడి నిన్ను లోపలికి పంపుతానన్నాడట. నువ్వు ఒప్పుకోలేదట. "వద్దు భాయ్. నేను జూస్తె, ఇంటికి పోయి మా చెల్లెకు గట్ల చెప్పలేను" అన్నావట.

అన్నా... ఒక్కసారి చూడొచ్చు కదా? నీ మాటల్లో తెల్ల సూటు లేకపోతే మాత్రం ఏమైంది? నీకు కళ్ల ముందుకొచ్చిన సంతోషాన్ని నా కోసం కాలదన్నుకుంటావా?

బాపు ఆ రాయి ఎక్కాడు. గోడకు చెవి పెట్టాడు. లోపల అప్పటికి ఎవరూ లేరు, కుర్చీలు మడుస్తున్న చప్పుడే. అయినా చాలాసేపు దిగలేదు. దిగాక కళ్లు తుడుచుకుని, "మంచిగ వినొస్తది" అన్నాడు. నేను ఏడుస్తూనే నవ్వేశాను. ఖాదర్ భాయ్ కూడా.

ఇంటికొచ్చేసరికి అమ్మ గడపలోనే నిలబడి ఉంది. చెప్పులు విప్పకముందే అడిగింది: "ఎట్లున్నరే? పెద్దోడు చెప్పినట్టే ఉన్నరా?"

ఏం చెప్పాలి అమ్మకు? నీ కొడుకు గోడ అవతల నిలబడ్డాడని చెప్పాలా? నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను, బాపు సైకిలు గోడకు ఆనించి చెప్పేశాడు. మన బాపు అన్నా! నీళ్లు అయిదు నిమిషాలు ఆలస్యంగా వదిలినా గల్లీ గల్లీ తిరిగి తప్పు ఒప్పుకునే బాపు! "అచ్చం చెప్పినట్టే ఉన్నరు. ఒక్క ముక్క తప్పు లేదు" అన్నాడు.

అమ్మ ముఖం చూడాలి నువ్వు. ఏడాది మీద రెండు నెలల తర్వాత పళ్లు కనబడేట్టు నవ్వింది. బాపును గడపలోనే కూర్చోబెట్టి అన్నీ మళ్లీ చెప్పించుకుంది. బాపు ఎంత బాగా కోతలు కోస్తాడో! ఆరిఫ్ మోకాళ్ల మీద కూలబడ్డాడు అన్నాడు. నేను ఊ కొట్టాను. పెద్ద పాపమేమీ అనిపించలేదు.

అయితే ఒక చిక్కు వచ్చి పడింది. అంతా విని అమ్మ, "ఈసారి నేను గూడ వస్త. ఒక్కసారన్న కండ్లార చూస్త" అంది. బాపు నా ముఖం చూశాడు, నేను బాపు ముఖం చూశాను. అమ్మ అప్పుడే ఏ చీర కట్టుకోవాలో చూసుకుంటోంది. ఎట్లా ఆపేది?

నువ్వు దిగులుపడకు. ఇవాళ పొద్దున ఆఫీసుకు పోతూ ఖాదర్ భాయ్‌తో మాట్లాడి వచ్చాను. మాట ఇచ్చాడు. దసరా అయ్యాక షో ఉందట. అమ్మను హాల్లోకి తీసుకుపోను. ఆ వెంటిలేటరు కింద కుర్చీ వేసి, గోడకు చెవి ఆనించి కూర్చోబెడతాను.

నీ చెల్లెలు,
పద్మ