కెమెరా ఆవంటే నేనూ ఆవనేసినా

తిరుపతి

అన్నకు నీ చెల్లెలు సుజాత దండాలు. ఈడ నేను బాగుండా. నువ్వూ పిల్లోళ్లూ ఎట్లుండారు? వదిన మోకాలినొప్పి తగ్గిందా? ఫోన్‌లో అయితే ఏడుపొస్తాదని రాస్తాండా.

కార్తీకంలోనూ ఈడ ఫ్యాను లేకుంటే ఉండలేము. మన పలమనేరు చలి యాడొస్తాది! హాస్టల్లో సాంబారు నీళ్లే, అయినా కడుపు నిండా తింటాండా, దిగులుపడొద్దు.

నా పని తెలుసు కదా. అడివి అంచున పెట్టిన కెమెరాల్లో ఏది కదిలినా, అది ఆవా ఏనుగా అని కంప్యూటరే చెప్తాది. నేను సూసి సరే అని నొక్కాల. ఏనుగైతే ఊరోళ్ల ఫోన్లు మోగతాయి.

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే, మంచులో, చెరుకుతోట పక్కన ఏందో నల్లగా కదిలింది. కంప్యూటర్ ఆవు అన్నింది. నాకు కాదనిపించింది. చిన్నప్పుడు చేలో మంచె మీద కూర్చోబెట్టి నువ్వు సూపించినావే, ఏనుగు చెవులాడే తీరు, అచ్చం అదే. అయినా అంత పెద్ద మిషన్ ముందర నా కండ్లెంత అనుకోని, సరే అని నొక్కేసినా. ఫోన్లు మోగలేదు.

కాసేపటికి పాలక్యాను ఎత్తుకోని ఆ దోవన పోతాండిన మునెమ్మ అనే ఆమెను ఏనుగు తోసేసింది. పానం దక్కింది. తుంటి ఇరిగింది.

మా సారుకు నేనే చెప్పినా. "అనుమానం వచ్చింది సార్, అయినా నొక్కినా."

"మనకంటే అదే తక్కువ తప్పులు చేస్తాది, వదిలెయ్" అన్నాడు.

నిజమే కావచ్చు. ఆ కెమెరాల వల్ల బతికినోళ్లూ ఉండారు. కానీ నాకు అనుమానం వచ్చింది కదన్నా! రేపు రోగాలకు మందులూ, దేశాల నడుమ యుద్ధాలూ మిషన్లే తేలుస్తాయంట. ఆడ కూడా నా మాదిరి ఎవరో ఒకరు కూర్చోనుంటారు. వాళ్లూ అనుమానం మింగి నొక్కేస్తే, దెబ్బ ఒక్క మునెమ్మతో ఆగతాదా?

ఆదివారం చీనీకాయలు తీసుకోని మునెమ్మ ఉండే ఆస్పత్రికి పోయినా. జరిగిందంతా చెప్పినా.

"నీకు కనపడిందా పాపా?" అని అడిగింది.

"కనపడింది."

మొగం గోడపక్కకు తిప్పుకునింది. తిట్టింటే బాగుండు.

ఇప్పుడు ఏమాత్రం అనుమానమున్నా ఫోన్లు మోగిస్తాండా. రెండుసార్లు ఉత్త ఆవులే. సారు కసురుకున్నాడు. కసురుకోనీ.

ఎవరన్నా ఈపక్కకు వస్తే వదిన చేసే ఉలవపొడి పంపించు. పెద్దమ్మకు నా దండాలు చెప్పు. మునెమ్మ లేసి నడవాలని మీరంతా మొక్కుకోండి. నన్నూ దీవించన్నా. జవాబులో మాత్రం 'నీ తప్పేం లేదు' అని రాయొద్దు.

నీ చెల్లెలు
సుజాత