గంజి పెట్టిన పట్టీ

సెప్టెంబర్ 3, బుధవారం

చెల్లె షోల్డర్ సపోర్ట్, అదే భుజం పట్టీ, ఇవాళ వచ్చింది. నల్లటిది. ఒంటిచేతి జాకెట్‌లా ఉంది. ఎడమ భుజాన్ని పట్టుకుని, ఛాతీ చుట్టూ తిరిగి, కుడి చంక కింద వెల్క్రోతో బిగుస్తుంది. తనంతట తాను పెట్టుకుంటే సరిగ్గా కూర్చోదట. నేనే కట్టాలి.

సుహాసినికి ముప్పై నాలుగు. సుబేదారిలో ఒక బడిలో ఆటల టీచర్. సెలవు దొరికితే మౌంటెన్ బైక్ వేసుకుని గుట్టల మీదే ఉంటుంది. మార్చిలో పడి ఎడమ భుజం జారింది. నిరుడూ అదే భుజం. మూడోసారి జారితే ఆపరేషనే, ఇక సైకిల్ మరిచిపోవాలని డాక్టర్ చెప్పాడు. ఈ నెలాఖరున స్టేషన్ ఘన్‌పూర్ అవతల గుట్టల్లో రేస్. పోతానంటోంది.

నేను వద్దనలేదు. దీపం పెట్టేటప్పుడు ఆమె పేరు ఇంకోసారి తలుచుకున్నాను.

సెప్టెంబర్ 5

తమ్ముడు కృష్ణమోహన్ వచ్చాడు. మన ఇంట్ల ఆడోళ్లు మగ్గం మీద కూసున్నరు గని గుట్టల మీదికెల్లి దుంకలే అన్నాడు. నువ్వన్న చెప్పరాదా అక్కా అని నన్నూ అన్నాడు. అన్నా, నువ్వు బండి మీదికెల్లి మురికి మోరిల పడ్డవ్, నేను గుట్ట మీద పడ్డ, ఎవలది ఎక్కువ ఇజ్జత్ అన్నది చెల్లె.

టీ గ్లాసులు తీసే నెపంతో లోపలికి వెళ్లి నవ్వుకున్నాను.

సెప్టెంబర్ 8

ఫిజియోథెరపిస్ట్ సుకన్య దగ్గరికి నేనూ వెళ్లాను. పట్టీ మీదనే భారం ఎయ్యొద్దు, రబ్బరు బ్యాండ్ గుంజుడు రోజూ చెయ్యాలె, కండల బలముంటెనే పట్టీ పనికొస్తది అన్నది. ఎంత బిగించాలో నా చేతికి నేర్పింది. చెయ్యి మరీ పైకీ వెనక్కీ పోకూడదు. వేళ్లు తిమ్మిరెక్కకూడదు.

సెప్టెంబర్ 12

రోజూ కడుతున్నాను. కదలకుండా నిలబడుతుంది. చిన్నప్పుడు జడ వేస్తానంటే ఒక్కనాడూ ఇలా నిలబడలేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

తప్పు చేశాను.

చెమట వాసన వస్తోందని మొన్న పట్టీ ఉతికాను. గంజి పెట్టాను. మాది నేతపని ఇల్లు, ఉతికిన ప్రతి బట్టకూ గంజి పడుతుంది. చెయ్యి ఆలోచించదు. ఆరేసరికి అట్టలా నిలబడింది. గట్టిగా ఉంటే మంచిదే కదా, భుజాన్ని బాగా పట్టుకుంటుంది అనుకున్నాను. పొద్దున అలాగే కట్టి పంపాను.

పన్నెండింటికి సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. చంక కింద ఎర్రగా ఒరుసుకుపోయింది. వెల్క్రో పళ్లలో గంజి పేరుకుని, సగం గుట్టలో ఊడిపోయిందట. అక్కా, గంజి పెట్టినవ్ సరే, ఇస్త్రీ గూడ చేస్తే పెండ్లికి ఏసుకపోతుంటి గదా అన్నది. నాకు నవ్వు రాలేదు. అది చూసి, ఫికర్ చెయ్యకు, ఊడంగనే దిగిన గదా, అది సూడు అన్నది.

దిగింది. ఎవరి మాటా వినని పిల్ల.

సెప్టెంబర్ 15

పట్టీని నీళ్లు మార్చి మార్చి నానబెట్టాను. పాత టూత్‌బ్రష్‌తో వెల్క్రో గీశాను. నీడలో ఆరేశాను. మెత్తబడింది.

సెప్టెంబర్ 26

ఉపవాసం. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం, సాయంత్రం

కృష్ణమోహన్ తనే బండి తెచ్చి నన్ను రేసుకు తీసుకుపోయాడు. నిటారు దిగుడు దగ్గర తాడు ఇవతల నిలబడ్డాం. రాత్రి వానకు రాళ్లు తడిగా ఉన్నాయి.

చెల్లె రెండో స్థానంలో వచ్చింది. దిగుడు మొదట్లో ఆగింది. పట్టీ ఒక పక్క లేచింది. ఆగుడేందే, పో పో అని కృష్ణమోహన్ అరిచాడు. ఆమె ఇటు చూసింది. తాడు దాటి పోయి కట్టడానికి లేదు. పక్కనున్న బండకు ఆనుకుని పట్టీని అదిమి పెట్టి, కుడి చేత్తో గుంజి, తానే బిగించుకుంది. ఈలోపు నలుగురు దాటిపోయారు. అప్పుడు దిగింది.

సగంలో చక్రం జారింది. ఎడమ పక్కకే పడింది.

నేను కళ్లు మూసుకోలేదు. దేవుణ్ణి పిలిచే తీరిక కూడా లేకపోయింది. చెల్లె లేచింది. ఎడమ చెయ్యి కొంచెం పైకెత్తి వేళ్లు ఆడించి చూపించింది. నాకే. మళ్లీ సైకిల్ ఎక్కింది.

ఆరో స్థానం. ఆగకపోతే మెడల్ వస్తుండె అన్నాడు కృష్ణమోహన్. భుజం పోతుండె అన్నది చెల్లె. అయినా దారిపొడుగునా టీ కొట్టు వాడికీ, పెట్రోల్ పోసే అమ్మాయికీ మా చెల్లె, మా చెల్లె అని చెప్తూనే ఉన్నాడు.

లేచినందుకు అందరూ మెచ్చుకున్నారు. ఆగినందుకు నాకు ఎక్కువ గర్వంగా ఉంది.

అక్టోబర్ 2, దసరా

మగ్గానికి బొట్టు పెట్టాను. సైకిల్‌కు పెట్టాను. పట్టీకి పెట్టాను. గంజి లేదు గదా అని చెల్లె తడిమి చూసింది.

ఆమెను నిలబడమన్నాను. ఎడమ భుజానికీ పెట్టాను.