నోట్లో నిప్పు

విశాఖపట్నం
18-2-1999

మంగా, నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. మా తమ్ముడు, అదే మీ మావ చేత రాయించడానికి సిగ్గేసి నేనే రాస్తున్నాను, కూడబలుక్కుని చదువు. నా అంగిట్లో తెల్లమచ్చ తగ్గాలంటే చుట్ట మానాలని మావ హిప్నాటిజం డాక్టరుకు చూపించాడు. ఆయన నన్ను మాటలతోనే మగతలోకి దింపి, చుట్ట కొసన నిప్పు కనబడగానే కడుపులో తిప్పుతుందని మరీ మరీ చెప్పాడు. ఇంటికొచ్చి కాల్చాను, ఏమీ తిప్పలేదు. మళ్లీ వెళ్తే డాక్టరు గుచ్చి గుచ్చి అడిగాడు. అప్పుడు చెప్పక తప్పలేదు.

"నిప్పు నాకెలాగ కనబడతాది బాబూ? మేం అడ్డపొగ కాలుత్తాం. నిప్పు నోట్లోనే ఉంటాది."

గదిలో ఉన్నవాళ్లంతా నా నోటికేసే చూశారు. మావ తల దించుకున్నాడు. ఈసారి డాక్టరు, నాలుక మీద వేడి తగలగానే తిప్పుతుందని చెప్పాడు. పది రోజులుగా ముట్టలేదు. దగ్గు తగ్గింది, పులుసు రుచి తెలుస్తోంది.

ఎండబెట్టిన చేపలు మంచు పడేలోగా లోపల పెడుతున్నావా? గూట్లో ఉన్న నా చుట్టలు పొయ్యిలో వేసెయ్యి, నువ్వు దాచుకోకు. పిల్లలకు నా దీవెనలు.

నీకు అడ్డపొగ నేర్పింది నేనే తల్లీ. అద్దం పట్టుకుని, నోరు తెరిచి అంగిలి చూసుకో. మచ్చ ఉంటే కార్డు రాయకు, బస్సెక్కి వచ్చెయ్యి.

అమ్మ