తాయెత్తులో మాత్రలు

నాంపల్లి, హైదరాబాదు,
9-6-1974, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి శశికళను అమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసా. ఆ ముక్క ముందు రాయకపోతే నువ్వు తక్కిన ఉత్తరం చదవకుండానే టెలిగ్రాం కొట్టడానికి పరిగెడతావని తెలుసు. నిజంగానే కులాసా. ఖరగ్‌పూర్‌లో నువ్వూ, అల్లుడుగారూ, చంటిదీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. రైళ్ళ సమ్మె ముగిశాక అల్లుడుగారిని మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారని చదివి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు రాలేకపోయానని నొచ్చుకోకు. రైళ్ళే లేకపోతే రెక్కలు కట్టుకుని వస్తావా? ఒక విధంగా నువ్వు రాకపోవడమే మేలయింది. ఎందుకన్నది తర్వాత రాస్తాను.

చంటిదానికి పళ్ళు వస్తున్నాయనీ, విరేచనాలు అవుతున్నాయనీ రాశావు. నీళ్ళు మరగకాచి చల్లార్చి పట్టించు. ఒక పూటలో తగ్గకపోతే రైల్వే ఆసుపత్రికి తీసుకుపో. "అమ్మా, ఏదైనా చిట్కా రాయి" అన్నావు. నన్ను చిట్కాలు అడగకు తల్లీ. నా చిట్కాల సంగతి కూడా తర్వాతే రాస్తాను.

ఇంటిగలావిడ జయమ్మగారు నిన్ను మరీమరీ అడిగారు. నిన్న మృగశిర కార్తె కదా, వాళ్ళింట్లో చేపల కూర. నేను కిటికీ తలుపులు వేస్తుంటే వాకిట్లోంచి కేకేసింది, "రత్నమ్మా, జర ముక్కు మూసుకోని కూసోన్రి. ఏడాదికి ఒక్క దినమే గదా!" అని. ఏడాదికి ఒక్క రోజట! వారానికి రెండుసార్లు వండుతుంది ఆ మహాతల్లి. అయినా మనిషి బంగారం. నేను ఆసుపత్రిలో ఉన్న మూడు రోజులూ మన గుమ్మం ముందు ముగ్గు వేసింది ఆవిడే.

నాన్నగారు ఆఫీసుకు వెళుతున్నారా అని అడిగావు. మూడో తారీఖు నుంచి వెళుతున్నారు. మేడమీది సెక్షన్ నుంచి కిందికి మార్చారు. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అన్నావు. వేసుకుంటున్నారు. ఆబిడ్స్‌లో డాక్టరు శ్యామ్‌సుందర్‌గారు మళ్ళీ కొత్త సీసా రాసిచ్చారు. మందు ఆ గాజు సీసాలోనే, మూత బిగించి ఉంటోంది. చొక్కా జేబులో కాక ఆయన గుడ్డసంచిలో, టిఫిన్ డబ్బాకు తగలకుండా పక్క అరలో పెడుతున్నాను. సీసా తెరిచిన తేదీ దానిమీద కాగితం అంటించి రాశాను. రెండు నెలలు కాగానే మాత్రలు మిగిలినా సరే, కొత్తది తెచ్చుకోమన్నారు.

మొన్న గురువారం పోస్టాఫీసుకని ఆబిడ్స్ వెళితే అక్కడ కొద్దిగా గుండెనొప్పి వచ్చిందట. గాభరాపడకు. అక్కడే మెట్టుమీద కూర్చున్నారట. నిలబడి వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోతారని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. ఒక మాత్ర నాలుక కింద పెట్టుకున్నారట. మింగలేదు, నీళ్ళు తాగలేదు. నాలుక చురుక్కుమందట, తల దిమ్మెక్కిందట, అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గిపోయిందట. తల దిమ్మెక్కడం దాని గుణమే. తగ్గిన వెంటనే లేవకుండా ఇంకాసేపు కూర్చుని, వచ్చిన పని కూడా చూసుకుని ఇంటికొచ్చారు. ఇదంతా పొద్దున వానపడిందని చెప్పినంత తేలిగ్గా చెప్పారు. నేను మటుకు వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ముందు కూలబడ్డాను.

అలసిపోయానే శశీ. పనివల్ల కాదు, ఇద్దరి ఇంట్లో పనేముంటుంది? ఆయన స్నానాలగదిలో రెండు నిమిషాలు ఆలస్యమైతే తలుపు దగ్గర నిలబడతాను. సాయంత్రం అయిదున్నర నుంచి చెవులు సందు మొగలోనే ఉంటాయి. ఆయన దగ్గితే నా చేతిలో గరిట ఆగిపోతుంది. నిద్రపోయినా నిద్రపోయినట్టు ఉండదు. ఇదంతా ఆయనతో అనలేను, అంటే తనవల్లే అని బాధపడతారు. నీతో అంటున్నాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి దాదాపు అన్నిటికీ జవాబు రాశాను. ఒకటి మిగిలింది. "అమ్మా, ఆయన మాత్రలు తాయెత్తులో పెట్టుకుని తిరుగుతుంటే నువ్వు పక్కనే ఉండి ఎలా ఊరుకున్నావు?" అని అడిగావు.

నీ ఉత్తరంలో రెండో కాగితం నాన్నగారి పేర ఉంది. కళ్ళద్దాలు తుడుచుకుని చదివారు. "ముప్ఫయి ఏళ్ళు ఫైళ్ళు చూసినవారు, ప్రాణం నిలబెట్టే మందును మెడలో తాయెత్తు కట్టుకుని పాడుచేసుకుంటారా? ఇంత మూఢనమ్మకమా? అమ్మ ముఖమైనా గుర్తురాలేదా?" అని రాశావు. ఆయన మళ్ళీ మొదటినుంచీ చదివారు. తర్వాత మడిచి కళ్ళద్దాల పెట్టెలో పెట్టుకున్నారు. "అమ్మాయి దస్తూరీ బాగా కుదిరింది రత్నం, చిన్నప్పుడు కోడి గీకినట్టు రాసేది" అన్నారు. అంతే. ఆ రాత్రి మజ్జిగన్నం సగంలో వదిలేశారు.

శశీ, ఆ తాయెత్తు కట్టింది నేను.

మొదటినుంచీ చెబుతాను విను. మాఘమాసంలో శ్యామ్‌సుందర్‌గారు మొదటిసారి ఈ మాత్రలు రాసి, "సీసాలోంచి తియ్యకున్రి అమ్మా, మూత గట్టిగ పెట్టున్రి" అని చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నా చెవులారా విన్నాను. కానీ మీ నాన్నగారి మతిమరుపు నీకు తెలియనిదా? ఈ ఏడాదిలోనే రెండు గొడుగులు బస్సులో వదిలారు. ఉగాది ముందు ఒకరోజు సందు మొగలో నొప్పి వచ్చింది, సీసా ఏమో ఆఫీసు సొరుగులో ఉంది. జయమ్మగారి అరుగుమీద అరగంట చేత్తో ఛాతీ పట్టుకుని కూర్చున్నారు. దానంతట అది తగ్గింది. ఆ అరగంటలో నేను సగం చచ్చాను.

అప్పుడే జయమ్మగారు అన్నారు, "దర్గాల తాయెత్తు కట్టిస్తే ఫికర్ ఉండది రత్నమ్మా. మా మనుమరాలికి గట్లనే తగ్గింది" అని. ఆవిడ చెప్పింది ఉత్త తాయెత్తే. నా బుర్రకు ఇంకా పెద్ద ఉపాయం తట్టింది. సుల్తాన్ బజార్‌లో ఒక వెండి తాయెత్తు గొట్టం, మూత తిప్పి తీసేది కొన్నాను. అందులో ఆరు మాత్రలు వేశాను. నడిస్తే గలగలమంటున్నాయని పైన చిటికెడు విభూతి పోశాను. సీసాలోంచి తియ్యొద్దనడం మాత్రలు నలిగిపోతాయనే కదా, వెండి గొట్టంలో నలగవు కదా అనుకున్నాను. దేవుడి అండ ఉంటుంది, మందూ ఉంటుంది, మెడలోది ఎక్కడా మరిచిపోలేరు.

ఆయన వద్దనే అన్నారు. "సీసాలోనే ఉంచమన్నారు కదే" అన్నారు. నేను ఏడ్చాను. నా ఏడుపు ముందు ఆయన ఏనాడు నిలిచారు గనుక? పెళ్ళిపీటలమీద నేను వంచినట్టు తల వంచారు. నల్లదారం ముడివేశాను. ఆ వేసవి ఎండలో యాభై రోజులు ఆ మందు ఆయన ఛాతీమీద, చెమటలో ఉంది.

ఆసుపత్రిలో చేర్చిన ఆ శనివారం చంటిదాని పుట్టినరోజు గౌనుకని సుల్తాన్ బజార్ వెళ్ళి నడిచి వస్తున్నాం. రిక్షా వద్దన్నారు. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగిపోయి స్తంభం పట్టుకున్నారు. ముఖం తెల్లబడింది. నాకు భయం వేయలేదు, నమ్ముతావా? నా దగ్గర ఉపాయం ఉందిగా! మెట్టుమీద కూర్చోబెట్టాను, తాయెత్తు మూత తీశాను, విభూతి దులిపి మాత్ర నాలుక కింద పెట్టాను. "చురుక్కుమందా?" అన్నాను. తల అడ్డంగా ఊపారు. మార్కెట్ గడియారం అయిదుంపావు చూపిస్తోంది. అయిదు నిమిషాలకు రెండోది. మళ్ళీ అయిదు నిమిషాలకు మూడోది. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. నాలుగోది తీయబోయాను. మూడు మాత్రలకూ తగ్గకపోతే ఇక క్షణం ఆగొద్దని డాక్టరుగారు చెప్పింది ఆ నిమిషాన నా బుర్రలో లేదు.

పక్కన పళ్ళ బండి బాలమల్లు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "అమ్మా, సార్‌కు చెమటలు గిట్ల కారుతున్నయ్, ఇంక సూసుకుంట కూసుంటరా? నడువున్రి దవాఖానకు!" అని అరిచి, తనే ఆటో పిలిచి, బండి అక్కడే వదిలేసి మాతో అఫ్జల్‌గంజ్ పెద్దాసుపత్రి దాకా వచ్చాడు. ఆ ఋణం ఎలా తీరుతుందో తెలియదు.

ఆసుపత్రిలో విద్యావతి అని చిన్న డాక్టరమ్మ, నీ వయసే ఉంటుంది. సీల్ తీసి కొత్త సీసాలోంచి ఒక్క మాత్ర పెట్టింది. నాలుగు నిమిషాల్లో ఆయన తల పట్టుకుని "అబ్బా, తలనొప్పి" అన్నారు. మందు పనిచేస్తోందన్నమాట! ఆ తలనొప్పి మాట విని నేను ఏడ్చేశాను. గుండె దెబ్బతినలేదనీ, మూడు రోజులు ఉంచుకుని చూస్తామనీ చెప్పి, ఆ పిల్ల నా చేతిలో తాయెత్తు తీసుకుని బల్లమీద వంచింది. బూడిదా, పొడీ రాలాయి.

"ఇదేంది? ఒంటి వేడికి, ఈ ఎండకు మందంత ఆవిరైపోయింది. మీరు పెట్టుకున్నది ఉత్త పిండి. ఇంకో అర్ధగంట గాడనే ఉంటే ఏమైతుండె? ఎవరు పెట్టిన్రు గిట్లా?" అని అడిగింది.

నేను నోరు తెరిచాను. ఆయన నాకంటే ముందు, మంచంమీంచి, "నేనేనమ్మా. మతిమరుపు మనిషిని, పోతాయని నేనే పెట్టుకున్నాను" అన్నారు.

ఇక ఆ పిల్ల తిట్టిన తిట్లు! సిస్టర్లు విన్నారు, పక్క మంచాలవాళ్ళు విన్నారు. చదువుకున్నోళ్ళు గిట్ల చేస్తరా అంది. ఆయన పిల్లవాడిలా తలూపుతూ విన్నారు. నేను పక్కనే కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. తప్పు నాది అని ఒక్క మాట అనలేకపోయాను. ఇంటికొచ్చేటప్పుడు అడిగాను, "ఎందుకు అలా చెప్పారండీ?" అని. "తిట్లు తినడం నాకు ఆఫీసులో అలవాటే. నువ్వు తట్టుకోలేవు" అన్నారు. నవ్వారు కూడా.

నీకు ఉత్తరం రాసినప్పుడూ అదే రాశారు, నా అజాగ్రత్త అని. రాస్తుంటే చూశాను. అప్పుడూ ఊరుకున్నాను. నువ్వు వచ్చి ఉంటే నీ ముఖం చూసి అబద్ధం మోయలేక చచ్చేదాన్ని. రాకపోవడమే మేలయింది అన్నది అందుకే.

తాయెత్తు మూసీలో పారేస్తానన్నాను. ఒప్పుకోలేదు. "కట్టావు కదా, ఉండనీ" అన్నారు. ఖాళీదే కదా అని నేనూ మళ్ళీ కట్టాను. ఈ పొద్దున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు అది కొక్కేనికి వేలాడుతోంది. తోముదామని మూత తీస్తే లోపల చుట్టిన చీటీ ఉంది. ఆయన దస్తూరీ. నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"నా పేరు భావనారాయణ. నాంపల్లి స్టేషను వెనుక జయమ్మగారి ఇల్లు. ఛాతీనొప్పితో కనిపిస్తే నన్ను కూర్చోబెట్టండి. సంచిలో గాజు సీసా ఉంది. ఒక మాత్ర నాలుక కింద. అయిదు నిమిషాలకు తగ్గకపోతే ఇంకొకటి. మూడు మాత్రలకూ తగ్గకపోతే ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మా ఆవిడకు నిదానంగా చెప్పండి. ఏం జరిగినా అందులో ఆమె తప్పు లేదని చెప్పండి."

మళ్ళీ చుట్టి అందులోనే పెట్టేశాను. ఆయన స్నానం చేసి వచ్చి మెడలో వేసుకున్నారు. నేను చూసినట్టు తెలియదు. ఇప్పుడు భోంచేసి పడుకున్నారు. గుర్రు వినిపిస్తోంది.

ఇక దాచడం నా వల్ల కాదమ్మా. నువ్వు తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవే, చిరునామా ఒక్కటే తప్పు. ఈ ఉత్తరం అందగానే నాన్నగారికి వేరే ఉత్తరం రాయి. క్షమించమని రాయకు, నేను చెప్పేశానని తెలిసిపోతుంది, ఆయన చిన్నబోతారు. చంటిదాని కబుర్లు రాయి. ఆయన కళ్ళద్దాల పెట్టెలో ఆ పాత కాగితం ఇంకా ఉంది. దాని పైన పెట్టుకోవడానికి ఒక మంచి కాగితం కావాలి. నన్ను తిట్టవలసింది మటుకు మిగల్చకుండా తిట్టు. ఆ కవరు నా పేరన పంపు.

ఇట్లు,
తిట్లకోసం ఎదురుచూసే
మీ అమ్మ,
వెంకటరత్నమ్మ.