కోహీర్ అవ్వ రేడియో

పెద్దనాయినా,

నువ్వు పోయి ఇయాల్టికి ఏడాది. జహీరాబాద్‌ల మన రేడియో రిపేరు దుకాణం నేనే నడుపుతున్న. పొద్దుగాల కోహీర్ నుంచి కండ్లు కనవడని ఒక అవ్వ ఆటోల పాత వాల్వు రేడియో పట్టుకొచ్చింది.

"మా ఇంటాయనది బిడ్డా. ఏ దుకాణంల అడిగినా పారెయ్యమన్నరు" అన్నది.

ఆన్ చేస్తే గుయ్యిమని మోత తప్ప మాట లేదు. వాల్వులు మంచిగనే వెలుగుతున్నయి. నువ్వు నేర్పినట్లనే ప్లగ్గు పీకి, కండెన్సర్ల మిగిలిన కరెంటు దించి, పాడైన కండెన్సర్‌ను మార్చిన. వాల్వులు వేడెక్కినంక సాఫుగ కన్నడ పాట వచ్చింది. అవ్వ రేడియో మీద చెయ్యి పెట్టి శానసేపు విన్నది.

"ఎవరు నేర్పిన్రు బిడ్డా?"

"ఆడపిల్లకు ఈ పనెందుకని అందరు నవ్వినా, పక్కన కూసోబెట్టుకొని మా పెద్దనాయిన నేర్పిండు."

అవ్వ చేతులు జోడించి, "ఏ దిక్కున్నడు?" అన్నది. ఆ చేతులు పట్టుకొని నీ ఫోటో దిక్కు తిప్పిన.